ఫిన్లండు దేశమున మేము చూచిన వింతలు

గత వేసవియందు మాకు ఫిన్లండు దేశపు రాజధానియగు హెల్సింకీ నగరమున కొన్ని వారములు నివసించు నవకాశము కలిగినది. మేము వెళ్లినది జూన్ మాసము. అప్పు డచట పగలు సుమారు 19 గంటలు. రాత్రి పదిగంటలకును వెలుతురు తగ్గకపోవుటచే, దీపము పెట్టు వేళ యెప్పుడో తెలియక మొదటి వారము మాకు నిద్రయే పట్టలేదు.

ఒకనాడు షికారు పోవుచుండగా సముద్రపు టొడ్డున మన చాకిరేవు వంటి దొకటి కనబడినది. అచట పొడవైన బల్లలపై తివాచీలు పఱచి, ఆడవారును మగవారును సబ్బు రాచి తోముచుండిరి. భర్త తోముచుండగా భార్య నీళ్లు పోయుట చూచి మేము ముసిముసి నవ్వులు నవ్వుకొంటిమి.

ఇంతకంటె పెద్ద వింత మేము బసచేసిన యింటి వంటగదిలోనే యున్నది. అంట్లు తోము తొట్టికి పైగా గోడకు బిగించిన బీరువా తలుపు తీసితిమి గదా, దానికి అడుగుపలకయే లేదు! విఱిగినదేమో యని యింటి యజమానురాలికి మెల్లగా చెప్పితిమి. ఆమె నవ్వి, కడిగిన పళ్లెములను లోపలి కమ్మీల నడుమ నిలువుగా బెట్టి తలుపు మూసెను. నీరు క్రింది తొట్టిలోనికి కారిపోవును. తుడువ బనిలేదు, ఎండినవానిని మఱల సర్ద బనియు లేదు.

దీనిని 1944, 1945 సంవత్సరములలో రూపొందించినది మైయు గెబ్‌హార్డ్ అను స్త్రీ. ఒక గృహిణి తన జీవితకాలమున అంట్లు కడిగి తుడుచుటకు దాదాపు 30,000 గంటలు వెచ్చించునని యామె లెక్కగట్టినదట. రాత్రింబవళ్లు కలిపి చూచినను మూడేండ్లకు పై మాటయే!

ఆ మాట వినగానే మా నవ్వు నిలిచిపోయినది. దొడ్డిలో పీటపై గూర్చుండి, బూడిదయు కొబ్బరిపీచును బట్టి మా తల్లిగారు తోమిన గిన్నెలు కన్నులకు గట్టినవి. ఆమె వంటను మెచ్చినవారు పెక్కండ్రు. ఆ గంటలను లెక్కించినవా రెవ్వరును లేరు, మేమును లెక్కింపలేదు.

ఆ దేశపు స్త్రీలకు 1906లోనే వోటుహక్కును, శాసనసభకు నిలుచు హక్కును లభించినవి. మఱుసటి యేటనే 19 మంది స్త్రీలు సభ్యులైరి. వోటునకును అంట్లకును సంబంధమేమని యడుగువా రుండవచ్చును. ఇంటిలో స్త్రీ కాలమునకు విలువ యుండినగదా బయట నామె మాటకు విలువ యుండుట!

తిరిగి రాగానే వడ్రంగిని పిలిపించి యట్టి బీరువా నొకటి చేయించితిమి. మా తల్లిగారు తలుపు తెఱచి చూచి, “అయ్యో, వడ్రంగి దీనికి అడుగు వేయడం మఱచిపోయినాడే!” యనిరి.