తోకలో దాగిన ‘అండ్’

హైదరాబాదులో మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఐటీ ఆఫీసులోనైనా పొద్దుటి స్టాండప్ మీటింగ్‌లో మనవాళ్లే మిగిలితే మాట తెలుగులోకి దిగిపోతుంది. “నిన్న ఆ బగ్ ఫిక్స్ చేసి, లోకల్‌లో టెస్ట్ చేసి, రివ్యూకి పెట్టి వెళ్లిపోయా.” పనులు నాలుగు, వాక్యం ఒకటే. పూర్తి క్రియ ‘వెళ్లిపోయా’ ఒక్కటే. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్న లెక్కంతా దానికే వేలాడుతుంది. మిగతావి ‘చేసి’, ‘పెట్టి’ అంటూ సగంలో ఆగిన క్రియలు. ఈలోగా అమెరికా మేనేజరు లైన్లోకి వస్తాడు. అదే సంగతి ఇంగ్లిష్‌లో మళ్లీ మొదలవుతుంది: “ఐ ఫిక్స్‌డ్ ద బగ్ అండ్ దెన్ ఐ టెస్టెడ్ ఇన్ లోకల్ అండ్ దెన్ ఐ రెయిజ్‌డ్ ద రివ్యూ అండ్ దెన్…”

తెలుగులో ఒక్కసారి కూడా రాని ‘అండ్’ ఇంగ్లిష్‌లోకి వెళ్లగానే మూడుసార్లు ఎందుకు వచ్చింది? అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో కంజంక్షన్ల జాబితాలు బట్టీ పట్టిస్తారు. సమాన వాక్యాలను కలిపేవి ఇవి, ఒకదాని కింద ఒకటి చేర్చేవి ఇవి అని. జాబితా తప్పేమీ కాదు. అయితే తెలుగువాళ్లందరూ సరిగ్గా అవే చోట్ల ఎందుకు తడబడతారో జాబితా చెప్పదు. దానికి మన వాక్యం అతుకు ఎక్కడ పడుతుందో చూడాలి.

తెలుగు అతుకు క్రియ తోకలో ఉంటుంది. ‘వచ్చి’, ‘వస్తూ’, ‘వస్తే’, ‘వచ్చినా’, ‘వచ్చాక’, ‘రాగానే’, ‘వచ్చేదాకా’: ఇంగ్లిష్ ఏడు చోట్ల వేరే మాటలు వెతుక్కునే పనిని మనం ఒకే క్రియకు ఏడు తోకలు తగిలించి చేస్తాం. మన వ్యాకరణాలు ‘వచ్చి’ లాంటి రూపాన్ని క్త్వార్థకం అన్నాయి. ఇది తెలుగు సొత్తే కాదు. హిందీ ‘ఆకర్’ కూడా ఇదే పని చేస్తుంది. ద్రావిడ, ఆర్య భాషలు వేర్వేరు కుటుంబాలైనా వందల ఏళ్ల ఇరుగుపొరుగుతో ఇలాంటి లక్షణాలు పంచుకున్నాయని ఎమెనో అనే భాషావేత్త 1956లో చూపించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ తోకల సంగతి వివరంగా ఉంది.

ఈ ‘-ఇ’ తోకకు ఒక షరతు ఉంది. ముందు పనీ వెనక పనీ ఒకరే చెయ్యాలి. “రవి వచ్చి సీత వెళ్లింది” అంటే చెవికి ఎక్కదు, “రవి వచ్చాక సీత వెళ్లింది” అనాలి. కానీ “వాన పడి బయోడైవర్సిటీ జంక్షన్‌లో ట్రాఫిక్ ఆగిపోయింది” అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పడింది వాన, ఆగింది ట్రాఫిక్. కర్తలు రెండు. మొదటిది రెండోదానికి కారణమైతే షరతు సడలుతుందన్నమాట. ‘వల్ల’ అనే మాట లేకుండానే కారణం వినిపించింది. ఇంగ్లిష్ ‘అండ్’ కూడా ఈ పని చేస్తుంది. “ఇట్ రెయిన్డ్ అండ్ ద ట్రాఫిక్ స్టాప్డ్” అంటే వాన వల్లే ఆగిందని అనుకుంటాం. నిజానికి ‘అండ్’ అర్థం ‘రెండూ జరిగాయి’ అన్నంతే, మిగతాది వినేవాడు ఊహించుకున్నదని తత్త్వవేత్త పాల్ గ్రైస్ వాదించాడు.

ఇప్పుడు మెయిళ్లకు వద్దాం. “ఆల్దో ఐ వజ్ ఆన్ లీవ్, బట్ ఐ చెక్డ్ ద మెయిల్.” ఇది రాయని తెలుగు ఇంజనీరు అరుదు. ‘ఆల్దో’ ఉంటే ‘బట్’ అక్కర్లేదని టీచరు వందసార్లు చెప్పినా చెయ్యి ఆగదు. ఎందుకంటే తెలుగులో “సెలవులో ఉన్నా మెయిల్ చూశాను” అన్నప్పుడు అతుకు సరిగ్గా రెండు వాక్యాల నడుమ, ‘ఉన్నా’ చివర పడింది. ఇంగ్లిష్‌లో ‘ఆల్దో’ ఎగిరి మొదటి వాక్యం తలకాయ మీద కూర్చుంది. నడుమ మిగిలింది ఒక కామా. తెలుగు చెవికి అక్కడ ఏదో తక్కువైనట్టుంటుంది, ‘బట్’ వచ్చి ఆ ఖాళీ నింపుతుంది. “సిన్స్ ద సర్వర్ వజ్ డౌన్, సో ఐ కుడ్‌నాట్…” కూడా ఈ తానులో ముక్కే. చైనీస్‌లో ‘అయినప్పటికీ’, ‘కానీ’ రెండూ జంటగా రావడం మామూలే. అంటే ఇది తర్కదోషం కాదు, ఇంగ్లిష్ అలవాటుకు సరిపడకపోవడం. ఆ ఇంగ్లిషే ‘ఇఫ్’ పక్కన ‘దెన్’ను మాత్రం హాయిగా రానిస్తుంది!

“అంటిల్ యూ డోంట్ సెండ్ ద ఫైల్, ఐ కాంట్ స్టార్ట్” వెనక ‘నువ్వు పంపనంతవరకు’ ఉంది. ఆ వ్యతిరేకార్థం ‘అంటిల్’లో ముందే ఇమిడి ఉంది కాబట్టి ‘డోంట్’ తీసెయ్యాలి. “హీ ఆస్క్డ్ దట్ వెన్ విల్ యూ కమ్” వెనక ‘ఎప్పుడొస్తావని అడిగాడు’ ఉంది. మన ‘అని’ ప్రశ్ననైనా, తిట్టునైనా ఉన్నదున్నట్టు మోస్తుంది, ‘దట్’ మొయ్యదు. ఈ ‘అని’ బలం చూడాలంటే ఇంగ్లిష్ దాకా పోనక్కర్లేదు, పాతబస్తీ చాలు. వస్తానని చెప్పాడు అనడానికి హైదరాబాదీ దక్కనీలో “ఆతూఁ బోల్కే బోల్యా” అంటారు. ఉత్తరాది ఉర్దూ ‘కి’ని ముందు పెడుతుంది. మన దక్కనీ ‘బోల్కే’ని మన ‘అని’లాగే వెనక పెడుతుంది.

ఇంతవరకూ తెలుగు వల్ల ఇంగ్లిష్‌లో ఇబ్బందే చెప్పాను. ఇంగ్లిష్ కన్నా తెలుగు తేటగా ఉన్న చోటు ఒకటి ఉంది. నన్నడిగితే ఈ విషయమంతటిలోనూ రుచైనది అదే.

‘రవీ సీతా వచ్చారు.’ ఇందులో ‘మరియు’ లేదు. ఫారాల్లో, అనువాదాల్లో తప్ప అది నోట రాదు. పదాల చివరి అచ్చు సాగింది, అంతే. ఆ సాగిందే మన ‘అండ్’. ‘ఇవాళో రేపో’, ‘నలుగురో ఐదుగురో’ అన్నప్పుడు చివర చేరిన ‘ఓ’ మన ‘ఆర్’. వీటిని ఇప్పుడు ప్రశ్న మాటలకు తగిలించి చూడండి. ‘ఎవరు’ చివర సాగితే ‘ఎవరూ’ (రాలేదు), ‘ఎప్పుడు’ సాగితే ‘ఎప్పుడూ’. ‘అందరూ’, ‘ఇద్దరూ’ చివరా ఆ దీర్ఘమే. ‘ఓ’ చేరిస్తే ‘ఎవరో’, ‘ఎప్పుడో’, ‘ఎక్కడో’. తర్కశాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడ ఆగి చూస్తారు. అందరూ వచ్చారంటే రవి వచ్చాడు, సీత వచ్చింది, సలీం వచ్చాడు అని ఎంతమంది ఉంటే అన్ని ‘అండ్’లు. ఎవరో వచ్చారంటే రవో, సీతో, సలీమో అని అన్ని ‘ఆర్’లు. గణితంలో ‘ప్రతి ఒక్కటీ’, ‘ఏదో ఒకటి’ అనే గుర్తుల వెనక ఉన్న సంగతి ఇదే. తెలుగు దాన్ని ఒక అచ్చులో పెట్టుకుంది.

మలయాళంలోని ‘ఉం’, ‘ఓ’ల మీద ఈ విషయాన్ని లోతుగా పరిశీలించిన భాషావేత్త జయశీలన్ హైదరాబాదులోనే పాఠాలు చెప్పారు, 1958లో పుట్టి ఇప్పుడు ఇఫ్లూగా మారిన ఆంగ్ల విద్యాసంస్థలో. ఆయన వ్యాసం 2001లో వచ్చింది. జపనీస్‌లో ‘మో’, ‘కా’ అనే ముక్కలు ఇలాగే పనిచేస్తాయి.

ఇలా దాగిన ‘అండ్’ యంత్రాలకు భాష నేర్పేవాళ్లకూ ఎదురవుతుంది. సైబర్ టవర్స్ తెరుచుకున్న 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. అక్కడి భాషా సాంకేతిక పరిశోధకులు పాణిని పద్ధతిని ఆధారం చేసుకుని వాక్యాలను చెట్లుగా గీస్తారు. మామూలుగా చెట్టు తలలో క్రియ ఉంటుంది. హిందీ ‘రామ్ ఔర్ సీతా’ లాంటి చోట మాత్రం ‘ఔర్’ను తలగా పెట్టి, రెండు పేర్లనూ దాని పిల్లలుగా వేలాడదీస్తారు. కలిపే మాట బయటికి కనిపించని చోట ఖాళీ నోడ్ ఒకటి చేర్చే ఏర్పాటూ ఉంది. ‘రవీ సీతా’లో ‘అండ్’ ఎక్కడుందని యంత్రం అడిగితే చూపించడానికి ఒక చోటు కావాలి కదా.

మన ‘ఆర్’కు ఇంకో ముఖం కూడా ఉంది. “కాఫీయా, టీయా?” అంటే ఒకటి ఎంచుకోమని. “కాఫీయో టీయో తాగుతారా?” అంటే ఏదో ఒకటి తాగుతారా లేదా అని. ఇంగ్లిష్‌లో రెంటికీ అవే అక్షరాలు, తేడా అంతా గొంతు ఎత్తుపల్లాల్లో. చాట్‌లో గొంతు ఉండదు. “కెన్ వుయ్ మీట్ వెన్స్‌డే ఆర్ థర్స్‌డే?” అంటే “యెస్” అని జవాబు వస్తుంది. మీటింగ్ ఏ రోజో ఎవరికీ తెలీదు.

కోడ్‌లోకి వెళ్తే ఇది జోకు కాదు. “హైదరాబాద్ అండ్ విజయవాడ కస్టమర్స్ కావాలి” అని క్లయింట్ రాశాడు. కొత్తగా చేరిన కుర్రాడు ఊరు హైదరాబాద్ ‘అండ్’ ఊరు విజయవాడ అని ఎస్‌క్యూఎల్ క్వెరీ రాశాడు. వచ్చిన వరుసలు సున్నా. టేబుల్‌లో ఒక్కో వరుసకు ఒక్కటే ఊరు, రెండూ ఒకేసారి ఎలా అవుతాయి? క్లయింట్ ‘అండ్’ రెండు గుంపుల్ని కలిపింది, క్వెరీ ‘అండ్’ ఒక్కో మనిషినీ రెండు షరతులతో వడకట్టింది. ‘ఆర్’ అని మార్చి, చివర ‘అండ్ యాక్టివ్’ చేర్చాడు. ఈసారి హైదరాబాదులో ఎప్పుడో ఖాతా మూసేసినవాళ్లు కూడా లిస్టులోకి వచ్చారు. ఎస్‌క్యూఎల్‌లో ‘అండ్’ పట్టు ‘ఆర్’ కన్నా గట్టిది. విజయవాడను మాత్రమే ‘యాక్టివ్’తో కట్టేసి హైదరాబాదును వదిలేసింది. రెండు ఊళ్లనూ బ్రాకెట్‌లో పెడితే సరిపోతుంది. మాటల్లో బ్రాకెట్లు ఉండవు కాబట్టి ఇంగ్లిష్ ‘ఐదర్’, ‘బోత్’ తెచ్చుకుంది. అవి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎడమ బ్రాకెట్ తెరుచుకున్నట్టే లెక్క. వాటిని అలంకారాలనుకుని వదిలేస్తారు చాలామంది.

అన్నిటికన్నా మోసం చేసేది ‘నాట్’ పక్కన కూర్చున్న ‘అండ్’. దీనికి సూత్రం చెప్పిన ఆగస్టస్ డి మోర్గన్ 1806లో మన మదురైలో పుట్టి, పసికందుగానే ఇంగ్లండ్ చేరాడు. ‘ఇదో అదో’ కాదంటే ఇదీ కాదు, అదీ కాదు. ‘ఇదీ అదీ కలిసి’ కాదంటే రెంటిలో ఒకటైనా కాదు. 1847లో ఆయన తర్కశాస్త్ర గ్రంథం, జార్జ్ బూల్ తొలి పుస్తకం రెండూ వచ్చాయి. కంప్యూటర్ లాజిక్ పునాదులు అవే. అయినా మనుషుల ఇంగ్లిష్ ఆ సూత్రానికి లొంగలేదు. మత్తుమందు కేసుల్లో శిక్ష తగ్గింపుకు అర్హత చెబుతూ 2018 నాటి ఒక అమెరికా చట్టం ముద్దాయికి ఫలానా ఏ, బీ, ‘అండ్’ సీ ఉండకూడదంది. నాకు మొదటి రెండే ఉన్నాయి, మూడూ కలిసి లేవు, కాబట్టి నేను అర్హుణ్ణి అన్నాడు ఒక ముద్దాయి. ఈ పల్సిఫర్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ ఒక్కటి ఉన్నా అర్హత లేదని 2024 మార్చిలో తీర్పొచ్చింది. అదీ ఏకగ్రీవంగా కాదు, ఆరుగురు అటూ ముగ్గురు ఇటూ. తెలుగులో రాసి ఉంటే ‘ఏదీ ఉండకూడదు’ అనో, ‘మూడూ కలిసి ఉండకూడదు’ అనో డ్రాఫ్టు రాసేటప్పుడే తేల్చుకోవాల్సి వచ్చేది.

కాబట్టి “యూజర్ షుడ్ నాట్ హ్యావ్ పెండింగ్ డ్యూస్ అండ్ ఎక్స్‌పైర్డ్ కార్డ్” అని రిక్వైర్‌మెంట్ వస్తే కోడ్ మొదలుపెట్టకముందే నాలుగు వరుసల పట్టిక గీయడం మంచిది: బాకీ ఉంది, కార్డు చెల్లదు; బాకీ ఉంది, కార్డు చెల్లుతుంది; బాకీ లేదు, కార్డు చెల్లదు; రెండు గొడవలూ లేవు. మొదటి వరుసలో ఆపాలనీ చివరి వరుసలో వదలాలనీ అందరూ ఒప్పుకుంటారు. క్లయింట్‌ని అడగాల్సింది నడిమి రెండు వరుసల గురించే. ఏదీ ఉండకూడదంటే ‘నైదర్… నార్’ అని, రెండూ కలిసి ఉండకూడదంటే ‘నాట్ బోత్’ అని స్పెక్‌లో తిరగరాయించుకోవాలి.