వంతెనకు మరమ్మతు – సైకిలుకు చుట్టుదారి

కొవ్వూరు: గోదావరికి ఇవతల కాపురం, అవతల కూడు. కొవ్వూరులోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఎన్నో కుటుంబాల బతుకు ఇదే. తెల్లవారకముందే అన్నం క్యారేజీ హ్యాండిలుకు తగిలించి, తాపీ, తూకంగుండు ఉన్న సంచి వెనుక కట్టుకుని, వంతెన ఎక్కి రాజమండ్రి పోవడం, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరడం వారికి నిత్యకృత్యం. తాపీ పనివారు, రంగులు వేసేవారు, తాడితోట బట్టల మార్కెట్లో గుమాస్తాలు, పాలవాళ్లు ఈ దారినే నమ్ముకున్నారు. మోటారు సైకిళ్లు పెరిగి సైకిళ్లు తగ్గిన మాట నిజమే. అయినా మోటారు సైకిలు కొనలేనివాడు, కొన్నా రోజూ పెట్రోలు పోయలేనివాడు ఇంకా పెడలు మీదనే ఉన్నాడు.

అటువంటివారి నెత్తిన 2023 సెప్టెంబర్ 27న పిడుగు పడింది. మరమ్మతులకోసం కొవ్వూరు–రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెనపై రోడ్డు రాకపోకలను ఆ రోజునుంచి నెల రోజులపాటు నిలిపివేస్తున్నట్లు అధికారులు ప్రకటించారు. దాటవలసినవారు ఎగువన గామన్ వంతెన మీదుగానో, దిగువన ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానో పోవలసి వచ్చింది.

మరమ్మతు అక్కరలేదని ఎవరూ అనలేదు. 1974లో రాకపోకలు మొదలైన వంతెన అది. కింద రైలు, పైన రోడ్డు. గతుకులు పడి, స్పానుకూ స్పానుకూ మధ్య కలుపులు లేచిపోయి, ఆ దెబ్బలకు రిమ్ము వంగేదీ ట్యూబు పేలేదీ ముందుగా సైకిలుకే. బాగుచేయాలని అడిగినవారిలో సైకిలువారూ ఉన్నారు. తీరా బాగుచేసే రోజు వచ్చేసరికి ఎక్కువ బరువు మోసిందీ వారే.

అసలు ఈ వంతెనే సైకిలుకు తేలిక కాదు. రైలు వంతెన పొడవు రెండున్నర కిలోమీటర్లు దాటితే, దానిపైన రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాట. మిగిలినదంతా పైకి ఎక్కడానికి, దిగడానికి వేసిన వాలు. రైలుకన్నా ఎత్తుకు పోవాలి గనుక ఆ ఎక్కుడు తప్పదు. వయసు మీరినవారు, బరువున్నవారు సగంలో దిగి సైకిలు నడిపిస్తారు. పైకి చేరాక గోదావరి గాలి ఎదురైతే తొక్కినా కదలదు. ఇంత పడినా అరగంటలో అవతల ఊళ్లో దిగుతామన్న ధైర్యం ఉండేది.

చుట్టుదారిలో ఆ ధైర్యం లేదు. 2015లో రాకపోకలు మొదలైన గామన్ వంతెన కూడా నాలుగు కిలోమీటర్ల పైచిలుకే. కాని దానిని చేరడానికి కొవ్వూరునుంచి ఎగువకు పోవాలి. అవతల దిగేది ఊరి నడిబొడ్డున కాదు, కాతేరు, కొంతమూరు వైపు. అక్కడినుంచి మళ్లీ ఊళ్లోకి తొక్కుకుంటూ రావాలి. అది లారీలు, టిప్పర్లు రివ్వున పోయే రోడ్డు. సైకిలువాడు అంచున, ఇసుక మేటవేసిన చోట, పక్కనుంచి పోయే లారీ గాలికి ఊగిపోతూ పోవాలి. బ్యారేజీ దారి మరో రకం. విజ్జేశ్వరం దాకా దిగివచ్చి, మద్దూరు, ర్యాలి, ధవళేశ్వరం భాగాలు ఒకటొకటిగా దాటి, మళ్లీ ఎగువకు రాజమండ్రి చేరాలి. 1982లో పూర్తయిన ఆ బ్యారేజీ నీరు నిలపడానికి కట్టినది. దాని మీది రోడ్డు మామూలు రోజుల్లోనే ఇరుకు.

కారున్నవాడికి ఈ చుట్టు ఇరవై నిమిషాల విసుగు, కొంత పెట్రోలు ఖర్చు. సైకిలువాడికి పెట్రోలు ఒంట్లో ఉంది. గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు తొక్కే మనిషికి వెళ్లేటప్పుడు ఎనిమిది కిలోమీటర్లు, వచ్చేటప్పుడు ఎనిమిది కిలోమీటర్లు పెరిగితే రోజుకు గంటన్నర దారికే పోతుంది. ఎనిమిది గంటలకు మేస్త్రీ కూలీలను ఎంచుకునే చోటికి ఎనిమిదిన్నరకు చేరినవాడికి ఆ రోజు పని లేదు. చేసిన చుట్టు వృథా, తిరుగు చుట్టు ఎలాగూ ఉంది. దుకాణం గుమాస్తాకు కూలి పోదు గాని షావుకారు మాట పడాలి. పాలవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. పాలు ఆలస్యమైతే వాడుక ఇళ్లు మరొకరిని చూసుకుంటాయి. వంతెన తెరిచాక కూడా ఆ ఇళ్లు తిరిగి రావు.

రైలెక్కరాదా అనేవారున్నారు. కొవ్వూరులో రైలెక్కితే గోదావరి స్టేషనులో దిగవచ్చు, నిజమే. సైకిలు మాత్రం ఇవతల స్టాండులో ఉండిపోతుంది. అవతల పనిచోటు స్టేషనుకు మూడు కిలోమీటర్లుంటే ఆటో ఎక్కాలి. రానూపోనూ ఆటోకే కూలిలో ఒక ముక్క పోతుంది. పైగా రైలు దాని వేళకు వస్తుంది, మేస్త్రీ వేళకు కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక ఈ వంతెన అవసరం మరీ పెరిగింది. అంతవరకు కొవ్వూరువారికి కలెక్టరాఫీసు ఏలూరులో ఉండేది. ఆనాటినుంచి కొవ్వూరు, నిడదవోలు ప్రాంతాలు రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పుగోదావరి జిల్లాలో చేరాయి. అర్జీ ఇవ్వాలన్నా, సంతకం కావాలన్నా ఏరు దాటాలి. ఏటికి అటూ ఇటూ ఉన్నది ఒకే జిల్లా అయినప్పుడు, మధ్యనున్న వంతెన మూయడం ఒక వీధి మూయడం వంటిది కాదు.

ఒక్క పెద్ద వంతెన సంగతే కాదు. డెల్టాలో అడుగడుగునా కాలువ, బోదె, మురుగు డ్రెయిను. కల్వర్టు కూలితే పక్కన నాలుగు తూములు పరిచి, మట్టి పోసి, డైవర్షన్ అని బోర్డు పెడతారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పనులు మొదలుపెడతారు. అవి పూర్తికాకముందే నీళ్లు వదులుతారు, వానలు పడతాయి. నల్లరేగడి మట్టి తడిసిందంటే మడ్‌గార్డులో కూరుకుని చక్రం తిరగదు. పుల్లతో గీకి, నాలుగడుగులు వేసి, మళ్లీ గీకి, చివరకు సైకిలునే భుజాన వేసుకుని దాటేవారిని కాలువగట్ల మీద చూడని కోనసీమవాసి ఉండడు. ఇది తమాషాగా చెప్పుకునే సంగతే గాని, హైస్కూలు ఆడపిల్ల ఆ బురదలో జారిపడితే పుస్తకాలూ గౌనూ పాడై బడి మానేస్తుంది. రాజమండ్రి మోరంపూడి కూడలిలో ఫ్లైఓవరు పనులు సాగిన రోజుల్లోనూ, పక్క రోడ్డు మీద బస్సుల మధ్య ఇరుక్కుని ఎక్కువ బిక్కచచ్చిపోయినది సైకిలువాడే.

దేశంలో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసుకునేవారిలో సైకిలు మీద పనికి పోయేవారు సుమారు 13 శాతమని 2011 జనాభా లెక్కలు తేల్చాయి. పనులు జరిగేచోట రాకపోకలు ఎలా సాగించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో సవరించి వెలువరించిన మార్గదర్శకాలూ ఉన్నాయి. అయినా దారి మళ్లింపు ప్రకటన వచ్చినప్పుడల్లా బస్సులు ఇటు, లారీలు అటు అని ఉంటుంది. సైకిలు ఎటన్నది వెదికినా కనిపించడం అరుదు.

పెద్ద ఖర్చు పెట్టవలసిన పనీ కాదు. తారు వేసేచోట ఒక పక్కను ముందు, మరో పక్కను తరువాత ముగిస్తే, సైకిలు నడిపించుకు పోయేందుకు రెండు గజాల సందు చాలు. కలుపులు విప్పి, ఎవరినీ పోనివ్వడానికి వీలులేని రోజులుంటే అవి ఏ రోజులో ముందే చెప్పవచ్చు. ఆ రోజుల్లో ఉదయం ఆరునుంచి ఎనిమిది వరకు, సాయంత్రం రెండు గంటలు సైకిళ్లు ఎక్కించుకునే లాంచీనో పంటునో కొవ్వూరు రేవునుంచి నడపవచ్చు. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు మీద సైకిలుతో సహా ఏరు దాటడం కోనసీమవారికి కొత్తకాదు. 1974కు ముందు కొవ్వూరువారు కూడా లాంచీ ఎక్కినవారే.

ఆ మరమ్మతు ముగిసి వంతెన తెరిచారు, సైకిళ్లు మళ్లీ ఎక్కాయి. 2024కు ఆ వంతెనకు యాభై ఏళ్లు నిండాయి. ఆ వయసులో మరమ్మతు ఒకసారితో పోదు. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి. పుష్కరాలంటే రోడ్లు తవ్వడం, దారులు మళ్లించడం ఈ ఊళ్లవారికి అనుభవమే. ఈసారి వెలువడే ప్రకటనలో బస్సులు, లారీల సరసన సైకిళ్లకు కూడా ఒక వరుస కేటాయించాలని, అదీ పదిరోజులు ముందుగా కొవ్వూరు రేవులోను, వంతెన రెండు కొసలలోను బోర్డు మీద రాయించాలని రోజూ ఏరు దాటేవారు కోరుతున్నారు.