ఏ వార్త ఏ దారిని? – చేతిఫోనులోని సందేశ సాధనముల తారతమ్యము

వాట్సాపు మేలా, టెలిగ్రాము మేలా, ఇటీవల పేరు వినవచ్చుచున్న అరట్టై మేలా యని మన సంఘ సభ్యులు పలువురు ప్రశ్నించుచున్నారు. బండి మేలా, పడవ మేలా యని యడిగిన నేమి చెప్పగలము? పోవలసిన దారి యేదో, మోయవలసిన బరువేదో తెలిసిన పిమ్మటనే యుత్తరము చెప్పనగును. కావున ముందుగా మన వార్తలెట్టివో, అవి యెవరికి చేరవలసియున్నవో చూతము.

ఎరువుల బస్తాలు గిడ్డంగికి వచ్చినవనునది యొక వార్త. ధాన్యము కొనుగోలు ఫలానా తేదీని మొదలగుననునది మఱొకటి. ఇట్టివి వేగముగా అందఱకును చేరవలెను. వీనిలో దాచవలసినదేమియు లేదు. 2025 ఆగష్టు, సెప్టెంబరు మాసములలో తెలంగాణమున యూరియాకై సంఘముల ముంగిట రైతులు బారులు తీరి నిలిచిన సంగతి యెవరును మఱవలేదు. చర్ల, దుమ్ముగూడెము మండలముల లోపలి గూడెములనుండి తెల్లవాఱకమున్నే బయలుదేఱి వచ్చిన రైతునకు "నిన్ననే యైపోయినది" యను మాట యెంత నష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు. బస్సు ఖర్చు పోవును, ఒకదినపు కూలి పోవును, పైరునకు అదను తప్పును. ఋణపు లెక్క, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆధారు నకలు మొదలగునవి దీనికి భిన్నమైనవి. ఇవి యొక్కరికే చేరవలెను. గోదావరి మట్టమువంటి ప్రాణావసరపు వార్త యింకొక తరగతిలోనిది. అది చేరకపోయినను ముప్పే, తప్పుగా చేరినను ముప్పే.

వాట్సాపు 2009లో అమెరికాలో పుట్టినది. 2014లో దానిని ఫేసుబుక్కు కంపెనీవారు కొనిరి. మన ప్రాంతమున స్మార్టుఫోను చేతబట్టినవారిలో దీని నెఱుగనివారరుదు. ఇదియే దీని మొదటి బలము. పాక లెంత చక్కగా వేసినను జనము రాని సంత సంత కాదు గదా. ఇక కంఠధ్వనిని పంపు సౌకర్యము, మా దృష్టిలో, మన యేజెన్సీ సీమకు మిక్కిలి యుపయుక్తమైనది. ఇది తక్కిన సాధనములలోను గలదు గాని మనవారు వాడ నేర్చినది వాట్సాపులోనే. అక్షరములు రాని పెద్దలును, కోయమాటయే సుళువుగా నుండువారును, బొత్తమును నొక్కిపట్టి తమ భాషలోనే మాటాడి పంపవచ్చును, విననువచ్చును. సంఘ కార్యదర్శి తెలుగులో వ్రాసిన ప్రకటనను ఒక కోయ సభ్యునిచే వారి మాటలో చెప్పించి జతపఱచినచో నొక నిమిషముకంటె నెక్కువ పట్టదు. ఇంత చిన్నపని యేల జరుగకుండవలెనో మాకు బోధపడదు.

అడవి యంచున టవరు అందని చోటులు గలవు. అట్టి గూడెమున నున్నవానికి పంపిన వాట్సాపు సందేశము దారిలో నశింపదు. కంపెనీవారి యంత్రములలో 30 దినములవఱకు నిలిచియుండి, అతడు టవరు అందుచోటికి వచ్చినంతనే చేరును. పంపినవానికి మొదట నొక గీటును, చేరిన పిమ్మట రెండు గీట్లును కనబడును. ఇందువలన మేలును గలదు, కీడును గలదు. "రేపు యూరియా యిత్తుము" అని సోమవారమున వ్రాసిన మాటను గురువారమున చదివిన రైతు, శుక్రవారమున బయలుదేఱి వచ్చును! కావున సంఘ ప్రకటనలలో "నేడు", "రేపు" అను మాటలు వ్రాయనేకూడదు. తేదీ, వారము, గంట, సంఘము పేరు, పంపినవారి హోదా – ఇవి సందేశములోనే యుండవలెను.

వాట్సాపు గుంపులో 1,024 మందికి మించి చేర వీలులేదు. పైగా గుంపులోనివారి ఫోను సంఖ్యలు ఒకరివి యొకరికి తెలిసిపోవును. దీనిచేతనే గుంపులలో చేరుటకు వెనుదీయు స్త్రీసభ్యులున్నారు. వారి సంకోచము న్యాయమైనదే. ఇందులకు 'ఛానెలు' అను పద్ధతి 2023లో వచ్చినది. అందులో సంఘము మాత్రమే ప్రకటించును, తక్కినవారు చదువుకొందురు, ఒకరి సంఖ్య యొకరికి కనబడదు. గుంపునే యుంచదలచినచో నిర్వాహకులు మాత్రమే వ్రాయునట్లు అమర్చవలెను. లేనిచో శుభోదయపు పువ్వుల బొమ్మల నడుమ ధాన్యపు కొనుగోలు తేదీ పూడిపోవును.

వాట్సాపులోని పెద్దదోషము, వచ్చినదానిని వచ్చినట్లే పదుగురకు తోయుట. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, పిల్లల నెత్తుకొనిపోవువారను వదంతిని నమ్మిన జనము ఐదుగురు నిరపరాధులను కొట్టి చంపిరి. ఆ వదంతి ఫోనులలో తిరిగినదే. ఆ మాసముననే కంపెనీవారు మనదేశమున నొక సందేశమును ఒక్కమాఱు ఐదుచోట్లకంటె నెక్కువ తోయరాదని కట్టడి చేసిరి. 2020లో, పలుమాఱులు తోయబడిన సందేశమును ఒకచోటికి మాత్రమే తోయవచ్చునని మఱింత బిగించిరి. జంట బాణపు గుర్తుతో వచ్చు సందేశమనగా నిదియే. ఎవడు మొదట పలికెనో తెలియని మాట యని దాని యర్థము.

టెలిగ్రాము 2013లో దూరోవ్ సోదరులు స్థాపించినది. దాని గుంపులో 2,00,000 మంది పట్టుదురు. ఛానెలునకు మితియే లేదు. 2 గిగాబైట్లవఱకు గల దస్త్రమును పంపవచ్చును. క్రొత్తగా ఛానెలులో చేరినవాడును మొదటినుండి యున్న ప్రకటనలను చూడగలడు. ఫోను పోయినను దస్త్రములు పోవు. సంఘ నియమావళి, సర్వసభ్య సమావేశపు నివేదిక, పంటల పుస్తకములు భద్రపఱచుటకు దీనిని మించినది లేదు. కాని యిందలి సామాన్య సంభాషణలు, పంపినవానికిని పుచ్చుకొన్నవానికిని నడుమ పూర్తి తాళము వేయబడినవి కావు. 'రహస్య సంభాషణ' యను ప్రత్యేకపు టేర్పాటునందే యట్టి తాళముండును. మఱియు, పెట్టుబడికి రెట్టింపు లాభమని యాశపెట్టు మోసగాండ్ర గుంపు లిందు మెండు.

సిగ్నల్ యాప్ లాభాపేక్షలేని సంస్థవారిది. ఇందు ప్రతి మాటకును తాళమే. పంపినవాని ఫోనులో పడిన తాళము పుచ్చుకొన్నవాని ఫోనులోనే తెఱచుకొనును. నడుమ నున్న సంస్థవారు సైతము చదువజాలరు. ఈ తాళపు పద్ధతినే 2016లో వాట్సాపువారును గైకొనిరి. అయితే యెవరు ఎవరితో ఎప్పుడు మాటాడిరను వివరము వాట్సాపు కంపెనీ చేతిలో నుండును; సిగ్నలువారు దానిని సైతము మిక్కిలి కొలదిగా నుంచుకొందురు. సంఘ పాలకవర్గమువారు తమలో తాము మాటాడుకొనుటకు సిగ్నలు తగినది. సభ్యులందఱ కొఱకు తగదు, ఏలయన మన యూళ్లలో అందున్నవారు కొలదిమంది.

అరట్టై చెన్నపట్టణపు జోహో కంపెనీవారు 2021లో వెలువఱచినది. ఆ మాటకు అరవమున ముచ్చట యని యర్థము. 2025 సెప్టెంబరులో జనము దానికై యెగబడిరి. అప్పటికి వ్రాతసందేశములకు ఆ పూర్తి తాళము లేకుండెను. స్వదేశపు వస్తువును ప్రోత్సహింపవలసినదే. కాని యిరుగుపొరుగువారు చేరకమున్నే సంఘపు ప్రకటనల నటకు మార్చుట తొందరపాటగును. ఫేసుబుక్కు, షేర్‌చాట్ అనునవి నలుగురును చూచు రచ్చబండలు. మిరప తెగులు ఫోటో పెట్టి సలహా యడుగుటకు పనికివచ్చును, ఖాతా వివరములకు పనికిరావు. ఆ సలహాలో మందుపేరు వినినంతనే దుకాణమునకు పరుగెత్తక, వ్యవసాయ విస్తరణాధికారి నడుగుట మంచిది.

ఇన్నిటిని చెప్పి, పాతకాలపు ఎస్సెమ్మెస్సును మఱచుట తగదు. దీనికి ఇంటర్నెట్టు అక్కఱలేదు, బొత్తాముల ఫోను చాలును. తెలుగులో నొక్క సందేశమునకు 70 అక్షరచిహ్నములే పట్టును. గుణింతపు గుర్తులును లెక్కకు వచ్చును. కావున సుత్తి లేకుండ వ్రాయవలెను. సంఘము పెద్దసంఖ్యలో పంపదలచినచో తన పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయింపవలసియుండును. ఈ శ్రమ యొకసారిదే. స్మార్టుఫోను లేని సభ్యుడు చందా కట్టిన సభ్యుడే గదా; వార్తలో మాత్రము అతనికి భాగము లేకపోవుట యెట్టి సహకారము?

వరదలకాలమున నీ భేదము ప్రాణములమీదికి వచ్చును. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగష్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చినది. రోడ్లు మునిగి, కరెంటు పోయి, ఫోనులలో ఛార్జింగు అడుగంటిన వేళ వీడియోలు పంపుట టవరుపై బరువు మోపుటయే. పాత వరద బొమ్మను నేటిదని చూపువారును ఉందురు. 2014లో ఏటపాక, కూనవరము, చింతూరు మండలములు ఆంధ్రప్రదేశమున చేరినందున, నదికి సంబంధించిన ప్రకటనలు రెండు ప్రభుత్వములనుండి వచ్చును. ఏ మట్టము, ఏ గంటకు, ఏ యధికారి చెప్పినది యను మూడు ముక్కలు లేని నదివార్తను ముందుకు తోయరాదు. మట్టము 43 అడుగులకు చేరకమున్నే ఫోనులకు ఛార్జింగు నింపి, గూడెమునకొక మనిషిని నియమించి, దండోరా వేయువానిని సిద్ధముగ నుంచవలెను.

మోసముల మాట చెప్పక తప్పదు. పి.ఎం. కిసాన్ పేరనో, బ్యాంకు పేరనో, చివర ఏపీకే యను మూడక్షరములు గల దస్త్రము వాట్సాపులో వచ్చుచున్నది. దానిని తాకి లోనికి రానిచ్చినచో ఫోనులోని సందేశములను, బ్యాంకు సంకేతసంఖ్యలను ఎదుటివాడు చదువగలడు. తెలిసిన చుట్టమే పంపినను తెఱవరాదు. వాని ఫోను సైతము దొంగల చేతిలో నుండవచ్చును. వాట్సాపు పంపు ఆఱంకెల సంఖ్యను ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది సొమ్మును ఆపుట కష్టమగును.

మఱొక సంగతి. హైక్ అను మన దేశపు సందేశ సాధనము 2021లో మూతపడినది. కూ అనునది 2024లో మూతపడినది. కావున ఏ దారిని పంపినను, ప్రతి ప్రకటనను కాగితముపై వ్రాసి తేదీతో సంఘ కార్యాలయపు పలకకు అంటింపవలెను. పంపినవారి పేరును, గంటను ఒక పుస్తకమున నెక్కింపవలెను. ఎరువు పంపకముపై తగవు వచ్చిననాడు ముందుగా నడుగబడునది ఆ పుస్తకమే.