కొత్త దేశం, కొత్త బడి, పొద్దుటి కడుపునొప్పి

జూన్ మొదటివారం. నూజివీడు తోటల్లో రసాలు చివరికొచ్చాయి. ఒక పెద్దావిడ కోడలినీ, ఎనిమిదేళ్ళ మనవణ్ణీ వెంటబెట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. కొడుకు ఉద్యోగం అమెరికాలో, డల్లాస్ దగ్గర. సంసారం అక్కడికి వెళ్ళి పది నెలలైంది. సెలవులకు వచ్చారు.

"డాక్టరుగారూ, అక్కడ వీడికి రోజూ పొద్దున్నే కడుపునొప్పిటండీ. రక్తం పరీక్ష చేశారు, స్కానింగు తీశారు, ఏమీ లేదన్నారు. ఇక్కడికొచ్చి పదిహేను రోజులైంది. పూటకి నాలుగు చిన్నరసాలు పీలుస్తున్నాడు. నొప్పి అన్న మాటే లేదు. మామిడిపళ్ళు వీడి ఒంటికి పడ్డాయంటారా?"

మామిడిపండులో అంత మందేమీ లేదు. శని, ఆదివారాల్లో నొప్పి వచ్చేదా అని తల్లిని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి "లేదండీ" అంది. బడి ఉన్న రోజున వచ్చి, సెలవు రోజున మాయమయ్యే కడుపునొప్పి వైద్యులకు పాత పరిచయమే. అలాగని అది దొంగ నొప్పి కాదు. పిల్లవాడికి నిజంగానే నొప్పి పుడుతుంది. పైగా ఈ కుర్రవాడికి అక్కడ మూడు నాలుగు రోజులకోసారిగాని విరేచనం అయ్యేది కాదట. బడికి పంపిన నీళ్ళసీసా సాయంత్రానికి నిండుగానే తిరిగి వచ్చేదట.

కుర్రవాణ్ణి విడిగా కూర్చోబెట్టుకుని అడిగితే అసలు సంగతి బయటపడింది. బడిలో చేరిన మొదటివారం వాడు మన అలవాటు ప్రకారం చిటికెనవేలు చూపించాడు. టీచరుకు అర్థం కాలేదు, నవ్వి ఊరుకుంది. పక్క పిల్లలు కూడా నవ్వారు. అంతే, మళ్ళీ అడగలేదు. నీళ్ళు తాగితే బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు మానేశాడు. ఇంటికి వచ్చేవరకు అన్నీ బిగబట్టేవాడు. అలా బిగబడితే మలం గట్టిపడుతుంది, కడుపు నొప్పి పుడుతుంది, మూత్రంలో చీము చేరే ప్రమాదం కూడా ఉంది.

ఆ బడి మంచిది కాదా అంటే, చాలా మంచిదట. పదికి పది రేటింగు ఉన్న బడి అని వెతికి వెతికి పట్టుకున్నారు. అమెరికాలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు. మీరు అద్దెకు తీసుకున్న ఇంటి చిరునామాను బట్టే సాధారణంగా పిల్లవాడికి బడి వస్తుంది. కాబట్టి అక్కడ బడిని ఎంచుకోవడమంటే ఇంటిని ఎంచుకోవడమే. రేటింగు బాగున్న చోట అద్దె ఎక్కువ. ఈ కుర్రవాడి తండ్రి ఆ అద్దె కోసం ఆఫీసుకు బాగా దూరంగా ఇల్లు తీసుకున్నాడు. పిల్లవాడు నిద్రలేచేసరికి కారెక్కేవాడు, తిరిగొచ్చేసరికి రాత్రి. రేటింగు అంకె చాలావరకు పరీక్ష మార్కులను బట్టి వస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లవాడిని ఆ బడి ఎలా చూసుకుంటుందో అందులో ఉండదు. అంకె రెండు మెట్లు తగ్గినా సరే, తండ్రి రాత్రి భోజనానికి ఇంట్లో ఉండే ఇల్లే తీసుకోమని నా సలహా.

బడిలో చేర్చేటప్పుడు ఒక కాగితం ఇస్తారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అందులో అడుగుతారు. మనవాళ్ళు చాలామంది ఇంగ్లీషు అని రాసేస్తారు. తెలుగు అంటే పిల్లవాణ్ణి వెనకబెంచీలో వేస్తారేమోనని భయం. వీళ్ళూ అలాగే రాశారు. దయచేసి తెలుగు అని రాయండి. అప్పుడే పిల్లవాడి ఇంగ్లీషును పరీక్షించి, అవసరమైతే భాష నేర్పే ప్రత్యేక తరగతి ఇస్తారు. ఇది వాళ్ళ దయ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల తరఫున నడిచిన కేసులో 1974లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చిన బాధ్యత. బడిని చూడడానికి వెళ్ళినప్పుడు ఇలాంటి టీచరు ఆ బడిలోనే ఉన్నారా, వారానికి ఒకసారి వచ్చిపోతారా అని అడగండి. నర్సు రోజూ ఉంటుందా, కొత్త పిల్లవాడికి తోడుగా ఒక పిల్లవాణ్ణి అప్పగిస్తారా అని కూడా అడగండి.

మన ఊళ్ళో ఇంగ్లీషు మీడియం చదివాడు కదా అనవచ్చు. ఆటల్లో పనికొచ్చే ఇంగ్లీషు రెండేళ్ళలో వచ్చేస్తుంది గాని, పాఠం అర్థం చేసుకుని రాసే భాష రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ చెప్పాడు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, బడిలో మాట్లాడకుండా వింటూ ఉంటారు. అది జబ్బు కాదు. ఇంట్లో కూడా మాట తగ్గిపోతే, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలైతే, నిద్ర చెడితే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లీషు త్వరగా వస్తుందన్నది అపోహ. మామిడి అంటును నాటేటప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డను ఎవరైనా దులిపేస్తారా?

ఇక టీకాల సంగతి. ఇది ప్రయాణానికి వారం ముందు తేలే పని కాదు, కనీసం నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. మన ప్రభుత్వం తొమ్మిదో నెలలో వేసే తట్టు-రుబెల్లా టీకాను అమెరికా బడులు లెక్కలోకి తీసుకోవు, మొదటి పుట్టినరోజు దాటాక వేసిందే లెక్క. పైగా అందులో గవదబిళ్ళల మందు లేదు. మూడూ కలిసిన టీకా రెండు మోతాదులు కావాలి. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ జాబితాలో లేదు, అక్కడ చాలాచోట్ల అడుగుతారు. చిన్నపిల్లలకు రెండు మోతాదుల మధ్య మూడు నెలల ఎడం ఉండాలి. ఈ రెండు టీకాలనూ ఒకే రోజున వేయించాలి, లేదా వాటి మధ్య 28 రోజులు గడవాలి. 2016 ఏప్రిల్ నుంచి వేసిన పోలియో చుక్కలు కూడా అక్కడ లెక్కకు రావు, ఇంజెక్షను రూపంలో వేసినవే చూపించాలి. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు ధనుర్వాతం, కంఠసర్పి, కోరింతదగ్గు కలిసిన టీకా మళ్ళీ కావాలి. రాష్ట్రాన్ని బట్టి జాబితా మారుతుంది కాబట్టి వెళ్ళే ఊరి బడి జాబితా ముందే తెప్పించుకోండి.

టీకా కార్డు మీద తేదీలో నెలను అక్షరాలతో రాయించండి. మనం 5-6-2019 అని రాస్తే జూన్ అయిదు, వాళ్ళకు అది మే ఆరు. మందుల పేర్లకూ ఇదే తంటా. ఆయాసానికి మనం వాడే సాల్‌బుటమాల్ అక్కడ ఆల్‌బ్యుటరాల్, పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్. ఉబ్బసం పిల్లవాడి పంపు బడిలో ఉండాలంటే సాధారణంగా డాక్టరు సంతకంతో కాగితం ఇవ్వాలి. వేరుశనగ పడని పిల్లల కోసం కొన్ని బడుల్లో ఆ పప్పును నిషేధిస్తారు. అడగకుండా డబ్బాలో పల్లీ పచ్చడి పెట్టవద్దు.

వయసు విషయంలో పట్టుదల వద్దు. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో సెప్టెంబరు ఒకటికి అయిదేళ్ళు నిండితే కిండర్‌గార్టెను, ఆరు నిండితే ఒకటో తరగతి. "మావాడికి ఎక్కాలు కూడా వచ్చు" అని పై తరగతికి తోయించి సాధించేదేమీ లేదు.

గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారి లెక్క వేరు. అక్కడ సి.బి.ఎస్.ఇ. చెప్పే భారతీయ బడులున్నాయి. రెండు మూడేళ్ళలో తిరిగి వచ్చేవారికి అవే నయం.

మన కుర్రవాడికి మందు రాయలేదు. పొద్దున టిఫిను తిన్నాక పది నిమిషాలు తీరిగ్గా దొడ్డికి కూర్చోబెట్టమన్నాను. బడికి ఒక ఉత్తరం రాసిచ్చాను: నీళ్ళసీసా బల్ల మీదే ఉండనివ్వండి, రెండు గంటలకోసారి అడగకుండానే బాత్రూముకు వెళ్ళనివ్వండి, వీలైతే భాష టీచరు చేత ఒకసారి పరీక్షింపజేయండి అని. తల్లి దాన్ని మడిచి పాస్‌పోర్టుల సంచిలో పెట్టుకుంది. పెద్దావిడకు మాత్రం తృప్తి కలగలేదు. "ఈపాటి దానికి పది నెలలు నోరెత్తలేదుట్రా!" అంటూ మనవణ్ణి దగ్గరికి లాక్కుంది.