టిఫిన్ కోసం విమానమెక్కుతారు! రాగి రెక్కల గోడ ఉన్న హోటల్‌కు ఫ్లయింగ్ క్లబ్ ట్రిప్.. మబ్బు పడితేనే అసలు పరీక్ష

ఆదివారం పొద్దున్నే మంచి ఇడ్లీ కోసం బండి తీసి పది కిలోమీటర్లు వెళ్లేవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు. అమెరికాలో ఫ్లయింగ్ క్లబ్‌ల వాళ్లు ఇదే పని విమానాల్లో చేస్తారు. నాలుగైదు చిన్న విమానాలు, డజను మంది మెంబర్లు, ఎక్కడో ఒకచోట దిగి టిఫిన్, మళ్లీ ఇంటికి. దీనికి అక్కడి పైలట్లు పెట్టుకున్న ముద్దుపేరు 'హండ్రెడ్ డాలర్ హాంబర్గర్'. బర్గర్ చవకే, అక్కడికి ఎగిరి వెళ్లే ఖర్చుతో కలిపితే వంద డాలర్లు అవుతుందని జోక్. ఇప్పుడు వందకు కూడా అవ్వదు, అది వేరే విషయం.

ఇలాంటి ట్రిప్‌లకు సరిగ్గా సరిపోయే హోటల్ ఒకటి కాలిఫోర్నియాలో ఉంది. లాస్ ఏంజెలెస్‌కు తూర్పున రివర్‌సైడ్ సిటీలోని మిషన్ ఇన్. 1876లో చిన్న గెస్ట్ హౌస్‌గా మొదలైంది. తర్వాత యజమాని ఫ్రాంక్ మిల్లర్ దాన్ని పాత స్పానిష్ చర్చిల స్టైల్లో కోటలా పెంచుకుంటూ పోయారు. రిచర్డ్ నిక్సన్ పెళ్లి 1940లో ఇక్కడే జరిగింది. భారీకాయుడైన ప్రెసిడెంట్ టాఫ్ట్ 1909లో వస్తున్నారని ప్రత్యేకంగా ఓ పెద్ద కుర్చీ చేయించారు. ఆయనకు అది పెద్దగా నచ్చలేదని చెబుతారు, కుర్చీ మాత్రం ఇప్పటికీ ఉంది. 1985లో మూతపడి 1992 చివర్లో మళ్లీ తెరుచుకుంది.

పైలట్లకు మాత్రం ఇక్కడ చూడాల్సింది వేరే. అదే ఫేమస్ ఫ్లయర్స్ వాల్. హోటల్ లోపలి చాపెల్ పక్కనున్న గోడ మీద రాగితో చేసిన రెక్కలు బిగించి ఉంటాయి. 1932లో మొదలైన ఈ గోడ మీద ఒక్కో రెక్కల జత ఒక పైలట్ పేరునో, ఒక బృందం పేరునో ఉంటుంది. అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన అమీలియా ఇయర్‌హార్ట్, ధ్వని వేగాన్ని దాటిన చక్ యేగర్ లాంటి వాళ్ల పేర్లు కనిపిస్తాయి. ఆ చాపెల్ సెయింట్ ఫ్రాన్సిస్ పేరున ఉంది. పక్షులతో మాట్లాడేవాడని చెప్పుకునే సెయింట్ ఆయన. ఎగిరేవాళ్లకు ఆ చోటు ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఫ్లయింగ్ క్లబ్ అంటే? మన దగ్గర ఆ మాట వింటే బేగంపేటలో పైలట్ ట్రైనింగే గుర్తొస్తుంది. అక్కడ చాలా క్లబ్‌లు కొందరు కలిసి విమానం కొనుక్కుని, వంతులవారీగా వాడుకునే ఏర్పాటు. ప్రైవేట్ లైసెన్స్ ఉన్న పైలట్ ప్యాసింజర్ల దగ్గర సంపాదించుకోకూడదు. ఖర్చు పంచుకోవచ్చు, కానీ తన వాటా తాను కట్టాల్సిందే. నలుగురు వెళ్లి ఫ్యూయల్, అద్దె కలిపి 400 డాలర్లు అయితే పైలట్ జేబులోంచి కనీసం 100 పోవాలి. ఫ్రీగా ఎగరడం కుదరదు.

నలుగురు అన్నాం కదా, అదీ అంత ఈజీ కాదు. క్లబ్‌లలో ఎక్కువగా కనిపించే సెస్నా 172లో సీట్లు నాలుగే. మనుషులు, లగేజీ, ఫ్యూయల్ అన్నీ కలిపి సుమారు 400 కేజీలు మోయగలదు. ట్యాంకులు నింపితే ఫ్యూయలే దాదాపు 144 కేజీలు. మిగిలిన దాంట్లో నలుగురు పెద్దవాళ్లు పట్టరు. అందుకే ట్రిప్‌కు ముందు పైలట్ అందరి బరువూ మొహమాటం లేకుండా అడుగుతాడు. అబద్ధం చెబితే నష్టం అందరికీ.

అసలు సమస్య మాత్రం టైమ్‌తో. దక్షిణ కాలిఫోర్నియాలో మే, జూన్ నెలల్లో పొద్దున పూట సముద్రం మీంచి చల్లటి గాలి లోపలికి వస్తుంది. దాని పైన వేడి గాలి మూతలా కూర్చుంటుంది. మధ్యలో తక్కువ ఎత్తులో మబ్బు దుప్పటి. లోకల్ వాళ్లు 'జూన్ గ్లూమ్' అంటారు. ఎండ ముదిరితే గానీ విడవదు. అంటే సరిగ్గా బ్రేక్‌ఫాస్ట్ టైమ్‌కే మబ్బు.

పరికరాలు చూసి ఎగిరే రేటింగ్ లేని పైలట్ మబ్బులోకి వెళ్లకూడదు. ఎందుకంటే బయట ఏమీ కనిపించనప్పుడు చెవి లోపలి బ్యాలెన్స్ మోసం చేస్తుంది. విమానం పక్కకు వాలుతున్నా తిన్నగానే ఉన్నట్టు అనిపిస్తుంది. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో 20 మందిని అచ్చం అలాంటి పరిస్థితిలో పెట్టి చూశారు. సగటున 178 సెకన్లలో విమానం అదుపు తప్పింది. మూడు నిమిషాలు కూడా కాదు.

గ్రూప్‌గా వెళ్తే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. టేబుల్ బుక్ అయింది, ముందు విమానం దిగిపోయింది, 'మీరెక్కడ?' అని మెసేజ్. వెనక సీట్లో గెస్ట్‌లు. అప్పుడు వెనక్కి తిప్పడం పైలట్‌కు చాలా కష్టం. ఎలాగైనా చేరాలన్న ఈ తొందరకు ఏవియేషన్‌లో 'గెట్ దేర్ ఐటిస్' అని పేరు కూడా ఉంది, రోగం పేరులా. అందుకే పద్ధతిగా నడిచే క్లబ్‌లలో ఒకటే రూల్: ఎవరి విమానం నిర్ణయం వాళ్లదే, వెనక్కి తిరిగినవాళ్లను ఎవరూ ఆటపట్టించకూడదు.

ఇంకో మాట. అక్కడ ఆదివారం బ్రంచ్ అంటే టేబుల్ మీదకు షాంపేన్ రావడం మామూలే. పైలట్ గ్లాస్ ముట్టుకున్నాడా, కనీసం 8 గంటలు విమానం నడపడానికి లేదు. కాబట్టి తిరిగి నడపాల్సినవాళ్లకు కాఫీయే.

మబ్బు అస్సలు విడవకపోతే? లాస్ ఏంజెలెస్ నుంచి రివర్‌సైడ్‌కు 90 కిలోమీటర్లు కూడా ఉండదు. కారు తీస్తారు. ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వెళ్లి, అదే గోడ ముందు ఫొటో దిగుతారు.