250 వాట్ల హద్దు, కంట్రోలర్ కథ

రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు, బీమా లేకుండా రోడ్డెక్కే ఎలక్ట్రిక్ బండికి భారతీయ చట్టం మూడు హద్దులు పెట్టింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు–1989 ప్రకారం మోటారు ముప్పై నిమిషాల శక్తి 250 వాట్ల లోపు ఉండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపే ఉండాలి. బ్యాటరీని మినహాయిస్తే బండి బరువు 60 కిలోలు దాటకూడదు. పెడల్ ఉన్న సైకిలైతే 25 కిలోమీటర్ల వేగం దగ్గరపడే కొద్దీ మోటారు సాయం తగ్గుతూ వచ్చి, చివరికి పూర్తిగా ఆగిపోవాలి. హైదరాబాద్‌లో బాలాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు, ఎల్బీనగర్ కూడలికి తిరిగే నంబరు ప్లేటు లేని ఛార్జింగ్ బండ్లన్నీ ఈ మినహాయింపు మీదే నడవాలి. హద్దుల్లో ఒక్కటి దాటినా అది మోటారు సైకిలే. వీటిలో శక్తి, వేగం హద్దుల్ని కాపలా కాసేది సీటు కిందో పాదాల పలక కిందో ఉండే చిన్న అల్యూమినియం డబ్బా. దాని పేరే కంట్రోలర్.

ముప్పై నిమిషాల శక్తి అంటే మోటారు మితిమీరి వేడెక్కకుండా అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి. అంటే ఇది ముందుగా వేడికి సంబంధించిన కొలత. ఆ క్షణానికి మోటారు లాగగల గరిష్ఠ శక్తి వేరు. 48 వోల్టుల బ్యాటరీకి 15 ఆంపియర్ల కంట్రోలర్ బిగిస్తే, ఎక్కుడులో మోటారుకు 720 వాట్ల దాకా అందుతుంది. స్టిక్కరు మీద 250 అని ఉండగా మీటరు 700 చూపితే అందులో మోసమేమీ లేదు. ఆ 700 కాసేపటి మాట, ఆ 250 నిలకడగా నడిచే మాట. ఈ తేడా తెలియకపోవడం వల్లే 'కంపెనీవాళ్లు బండి శక్తిని తొక్కిపెట్టారు, లాక్ తీసేస్తే బయటికొస్తుంది' అనే నమ్మకం పాకింది.

ఎలక్ట్రిక్ సైకిలు పుట్టినప్పుడు ఏ హద్దూ లేదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ వెనక చక్రం నడిమధ్యలోనే మోటారు అమర్చిన సైకిలుకు 1895 డిసెంబరు 31న పేటెంటు పొందాడు. పది వోల్టుల బ్యాటరీ నుంచి వంద ఆంపియర్ల దాకా తీసుకోగల మోటారు అది. లెక్క వేస్తే కిలోవాటు. నేటి మన హద్దుకు నాలుగు రెట్లు. అయితే బ్రష్షులతో ప్రవాహాన్ని మళ్లించే ఆ మోటారు బరువైనది, సీసపు బ్యాటరీ ఇంకా బరువైనది. దాంతో పెట్రోలు ఇంజన్ ముందు ఈ ఆలోచన దశాబ్దాల పాటు నిలవలేకపోయింది.

దాన్ని తిరిగి లేపినవి వేర్వేరు చోట్ల జరిగిన పనులు. అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ ప్రభావం 1879 నుంచీ తెలిసిందే. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇంజనీర్లు బ్రష్షుల పనిని ట్రాన్సిస్టర్లకు అప్పగించిన డీసీ మోటారును వివరించారు. 1980ల తొలి సంవత్సరాల్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు విడివిడిగా నియోడిమియం అయస్కాంతాలను తయారుచేశారు. పిడికెడు అయస్కాంతాలతో బలమైన మోటారు సాధ్యమైంది అప్పుడే. సోనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. రెండేళ్లకు యమహా పెడల్‌కు తోడుపడే సైకిలును అమ్మకానికి పెట్టింది. ఈ కథలో బాలాపూర్‌కూ చోటుంది. అక్కడి ఏఆర్‌సీఐ, అంటే పౌడర్ మెటలర్జీ, నూతన పదార్థాల అంతర్జాతీయ పరిశోధన కేంద్రం, విద్యుత్ వాహనాలకు కావలసిన నియోడిమియం అయస్కాంతాల మీద, లిథియం బ్యాటరీల ఎలక్ట్రోడ్ పదార్థాల మీద పనిచేస్తోంది.

బండ్లు పెరిగాక ప్రభుత్వాలు హద్దులు గీశాయి. యూరప్ 2002లో 250 వాట్లు, 25 కిలోమీటర్లు అంది. అదే ఏడాది అమెరికా 750 వాట్ల దాకా ఒప్పుకుంది. చైనా 1999 ప్రమాణంలో 240 వాట్లు అని, 2018లో దాన్ని 400కు పెంచింది. ఏ దేశం ఏ అంకె ఎంచుకున్నా అడిగిన ప్రశ్న ఒకటే: సైకిలుతో పాటు, నడిచే మనిషితో పాటు రోడ్డు పంచుకోగల వేగం ఎంత?

కంట్రోలర్ మూత విప్పితే లోపల ఆరో, తొమ్మిదో, పన్నెండో మాస్‌ఫెట్లు, అంటే స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు, అల్యూమినియం పట్టీకి బిగించి కనిపిస్తాయి. బ్యాటరీ నుంచి ఎరుపు, నలుపు వైర్లు వస్తాయి. మోటారుకు పసుపు, పచ్చ, నీలం రంగుల మూడు లావు ఫేజ్ వైర్లు వెళ్తాయి. మోటారులోని మూడు హాల్ సెన్సార్లు చక్రం ఏ స్థానంలో ఉందో సన్నని వైర్ల గుండా చెబుతుంటాయి. ఆ కబురును బట్టి మాస్‌ఫెట్లు ఏ తీగచుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో సెకనుకు వేల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ తేలుస్తాయి. బోర్డు మీద ఒక మూల చిన్న వంతెనలా వంగిన లోహపు తీగ ముక్క ఉంటుంది. అది షంట్. దాని నిరోధం కొన్ని మిల్లీ ఓములే. కరెంటంతా దాని గుండానే పోతుంది. దాని రెండు చివరల మధ్య ఏర్పడే అతి చిన్న వోల్టేజీని కొలిచి, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చిప్ లెక్కకడుతుంది. పదిహేను ఆంపియర్ల డబ్బా అయితే పదిహేను దాటనివ్వదు.

మెకానిక్కులు 'కంట్రోలర్ పెంచడం' అనే పని మూడు రకాలు. మొదటిది వేగం లాక్ తీయడం. చాలా డబ్బాల్లో ఇది ఒక జత సన్న వైర్ల కలయికే. విడదీస్తే హద్దు పోతుంది. రెండోది షంట్ మీద సోల్డర్ పూయడం. నిరోధం తగ్గగానే చిప్‌కు కరెంటు తక్కువగా కనిపిస్తుంది. ఇరవై అయిదు ఆంపియర్లు పోతున్నా అది పదిహేనే అనుకుంటుంది. యంత్రానికి అబద్ధం చెప్పి పని చేయించుకోవడమిది. మూడోది డబ్బానే మార్చి ఎక్కువ ఆంపియర్లదో, 60 వోల్టులదో బిగించడం. కరెంటు పెరిగితే లాగుడు పెరుగుతుంది, వోల్టేజీ పెరిగితే వేగం పెరుగుతుంది. 48 నుంచి 60కి పోతే మోటారు తిరుగుడు సుమారు నాలుగో వంతు పెరుగుతుంది.

ఈ కోరికకు కారణం లేకపోలేదు. బండీ మనిషీ కలిసి 160 కిలోలనుకుంటే, చదునైన రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగానికి చక్రం దగ్గర సుమారు 280 వాట్లు కావాలి. నూరు మీటర్లకు నాలుగు మీటర్లు లేచే ఫ్లైఓవర్ ఎక్కుడులో అదే వేగం నిలపాలంటే 700 దాటుతుంది. అందుకే ఎల్బీనగర్ ఫ్లైఓవర్ల మీద లో-స్పీడ్ బండి నెమ్మదిస్తుంది, వెనక బస్సు హారన్ మోగుతుంది. సామాను డెలివరీ చేసే కుర్రాడికి ఆర్డరు సమయం గుర్తొస్తుంది. అయితే చదును రోడ్డు మీదే వేగం 45కు పెంచితే కావలసిన శక్తి వెయ్యి వాట్లకు చేరుతుంది. వేగం రెట్టింపైనా కాలేదు, శక్తి మూడున్నర రెట్లయింది. గాలి తోపుడు వేగపు వర్గంతో పెరగడం వల్ల వచ్చిన ఖర్చిది. 48 వోల్టుల, 24 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 25 వేగంతో 80 కిలోమీటర్లు నడిపితే 45తో నడిపేది అందులో సగమే. బ్రేకులు మాత్రం పాతవే. ఆపాల్సిన శక్తి మూడు రెట్లకు పైగా పెరుగుతుంది.

అసలు దెబ్బ వేడి రూపంలో వస్తుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 ఆంపియర్లు 30 అయితే వేడి రెండు కాదు, నాలుగు రెట్లు. హబ్ మోటారులో చుట్టలు చక్రం లోపల మూసుకుని ఉంటాయి కాబట్టి ఆ వేడి బయటికి పోవడం కష్టం. మూడు ఫేజ్ వైర్లూ, హాల్ వైర్లూ ఇరుసులోని సన్నని రంధ్రం గుండానే వస్తాయి. అక్కడ ఇన్సులేషన్ మెత్తబడి ఒకదానికొకటి తగిలితే మాస్‌ఫెట్లు పోతాయి. షార్టయిన మాస్‌ఫెట్లు మోటారును బ్రేకుగా మార్చేస్తాయి, నడుస్తున్న బండి చక్రం బిగుసుకుంటుంది. మామూలు గ్రేడు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది, చల్లారినా పూర్తిగా తిరిగి రాదు. 48 వోల్టుల డబ్బాకే 60 వోల్టుల బ్యాటరీ కలిపితే మరో ప్రమాదం. అలాంటి డబ్బాల్లో కెపాసిటర్లు తరచూ 63 వోల్టులవే. నిండా ఛార్జయిన 60 వోల్టుల లిథియం ప్యాకు 67 దాటి నిలుస్తుంది.

బ్యాటరీ సంగతి ఇంకా తీవ్రమైనది. ఎక్కువ కరెంటు లాగినప్పుడల్లా కట్ చేస్తోందని, బ్యాటరీని కాపాడే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) సర్క్యూట్‌ను పక్కదారి పట్టించేవారున్నారు. సెల్‌కు ఉన్న చివరి రక్షణ అదే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్ జిల్లాలో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. వీటిని కంట్రోలర్ మార్పులకు అంటగట్టడం తప్పు. లిథియం సెల్ అదుపు తప్పితే ఎంత నష్టమో మాత్రం అవి చూపాయి. ఆ తర్వాతే బ్యాటరీ భద్రత ప్రమాణం ఏఐఎస్–156ను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలుకు తెచ్చారు.

చట్టం వైపు చూస్తే, లాక్ తీసిన క్షణమే బండి మినహాయింపు కోల్పోతుంది. అప్పుడది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం. అనుమతి లేకుండా వాహనాన్ని మార్చిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు లేని పిల్లవాడు నడిపి పట్టుబడితే 199ఏ సెక్షన్ తల్లిదండ్రుల మీదికి వస్తుంది: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఎవరినైనా ఢీకొడితే పరిహారం ఇచ్చే బీమా కంపెనీ ఉండదు. ఆ డబ్బు ఇంటి నుంచే కట్టాలి.

తెలంగాణలో ఈ అడ్డదారికి అవసరం కూడా లేదు. 2024 నవంబరులో వచ్చిన విధానం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజులను 2026 డిసెంబరు 31 దాకా పూర్తిగా మాఫీ చేసింది. 45 వేగం కావలసినవారు ఆ వేగానికే బ్రేకులు, చట్రం, మోటారు, బ్యాటరీ కలిపి పరీక్షించిన బండిని కొనడమే సరైన దారి. లో-స్పీడ్ బండి కంట్రోలర్ కాలిపోతే అదే వోల్టేజీ, అదే ఆంపియర్లది వేయించుకోవాలి. హాల్ సెన్సార్ల కోణం, ఫేజ్ వైర్ల వరస సరిచూసి, వాన నీరు చొరకుండా కనెక్టర్లు మూయించాలి. చతురస్ర తరంగపు డబ్బా బదులు సైన్ తరంగపుది పెట్టించుకుంటే శక్తి పెరగకపోయినా కూత తగ్గుతుంది, బయల్దేరేటప్పుడు కుదుపు పోతుంది. కొత్తగా కొనేవారు దుకాణంలో బేరమాడే ముందు, ఆ నమూనా బండిని పరీక్షించి ఆమోదించినట్టు తెలిపే టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ అడిగి చూడాలి. అది చూపించలేని చోట ఎంత తక్కువకు ఇచ్చినా కొనవద్దు.