తెర మన మాట వింటుందా?

‘మాయాబజార్’ (1957)లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తీసి చూస్తే ఎవరి మనసుకు నచ్చింది వాళ్లకు కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు! ఒకే పెట్టె... చూసేవాళ్లను బట్టి బొమ్మ!

ఆ ముచ్చట ఇప్పుడు సెల్‌ఫోన్లోకి వచ్చింది. వెనక కొండ ఒక పొర, మధ్యలో ఊరు ఒక పొర, ముందు మనిషి ఒక పొర. వేలితో జరిపితే దగ్గరి పొర వడిగా, దూరపు పొర నింపాదిగా కదులుతుంది. అచ్చం రైలు కిటికీలోంచి చూసినట్టే! పైగా కథ ఎటు వెళ్లాలో మనమే చెప్పాలి.

బటన్ నొక్కి కథ నడపడం నిన్నటి సరదా కాదండోయ్! 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవేకియా వాళ్లు ‘కినోఆటోమాట్’ చూపించారు. ప్రతి సీటుకీ ఎర్ర బటన్, పచ్చ బటన్. కథ ఆగినప్పుడల్లా ప్రేక్షకులు ఓటేయాలి. కిటుకేమిటంటే, ఎటు ఓటేసినా చివరికి ఇల్లు తగలబడాల్సిందే!

2018 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ‘బాండర్‌స్నాచ్’ వచ్చింది. ఇందులో పక్కసీటు ఓటుతో పనిలేదు. పది సెకన్లలో మీరే తేల్చుకోవాలి. ముగింపులూ చాలానే ఉన్నాయి. అయితే అన్నీ ముందే తీసి పెట్టినవే. మనం ఎంచుకుంటాం, అంతే... కొత్త దారి వేయలేం.

మరి నిజంగా మాట వినే తెర ఎక్కడుంది?

తోలుబొమ్మలకు పేరున్న ఊళ్లలో మన పల్నాటి నరసరావుపేట ఒకటి. మేకతోలు పల్చగా గీకి, రంగులద్ది, నగలకు చిల్లులు పొడిచి, తెల్లగుడ్డ వెనక దీపం ముందు ఆడిస్తారు. బొమ్మ గుడ్డకి ఆనితే స్పష్టంగా ఉంటుంది. దీపం వైపు జరిపితే నీడ పెరిగి మసకబారుతుంది. పొరల లోతు అక్కడే ఉంది!

రావణుడు చావక తప్పదని చూసేవాళ్లందరికీ తెలుసు. ముగింపు మార్చమని ఎవరూ అడగరు. కానీ మధ్యలో కేతిగాడు, బంగారక్క దూకుతారే, అదీ అసలు సంగతి! వాళ్లు రామాయణంలో వాళ్లు కాదు, ఊళ్లోవాళ్లు. జనంలోంచి ఎవరైనా కేకేస్తే కేతిగాడు అప్పటికప్పుడు బదులిస్తాడు. ఆ బదులు ఎవరూ రాసిపెట్టింది కాదు. రేపు పక్క ఊళ్లో అది రాదు కూడా.

2025 మేలో ‘బాండర్‌స్నాచ్’ను నెట్‌ఫ్లిక్స్ తన జాబితాలోంచి తీసేసింది. బటన్ మన చేతిలోనే ఉన్నా, పెట్టె తాళం కంపెనీ దగ్గరే ఉందన్నమాట. తోలుబొమ్మది మరో గండం. లాంతరు గొట్టమై, గోడ అలంకారమై అమ్ముడుపోతోంది గానీ రాత్రంతా ఆడే ఆటలే తగ్గిపోయాయి. బొమ్మ మిగిలినా, కేకకు బదులిచ్చే మనిషి లేకపోతే అది ఉత్త తోలే!

ఫోన్లో కథలు తప్పకుండా చూడండి, బాగుంటాయి. తిరునాళ్లలో తోలుబొమ్మలాట కనబడితే మాత్రం ఆగండి. ముందువరసలో కూర్చుని కేతిగాణ్ణి ఓ ప్రశ్న వేయండి. ఏ బటనూ ఇవ్వని జవాబు వస్తుంది!